ఎకరాల లెక్కలో లేని మనుషులు



సూరత్ నుంచి తూర్పుగా ముప్పై కిలోమీటర్లు దాటి వెళితే మిండోళా నది ఒడ్డున బార్డోలీ వస్తుంది. చరిత్ర పాఠం చదువుకున్న తెలుగువాళ్లందరూ విన్న పేరే. 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా ఘటన తర్వాత, శాసనోల్లంఘనను నిలిపివేస్తూ కాంగ్రెస్ కార్యవర్గం తీర్మానం చేసింది అక్కడే. గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన సాగిన పన్నుల నిరాకరణ ఉద్యమం చల్లారిందీ ఆ రోజుల్లోనే. మళ్లీ ఆరేళ్లకు, 1928లో, బార్డోలీ తాలూకా రైతులు వల్లభ్‌భాయ్ పటేల్ వెంట నిలబడి, పెంచిన శిస్తు కట్టబోమన్నారు.

ఫ్యాక్టరీల విషంతో చెడిపోయిన నేలను బాగుచేసేటప్పుడు ఖర్చు ఎవరు భరించాలి, ఆ బాగు ఎవరికి దక్కాలి అన్నది ఇవాళ నేను మాట్లాడదలచిన విషయం. దానికి బార్డోలీతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది.

1928 నాటి తగువంతా ఒక లెక్క చుట్టూ తిరిగింది. ఈ తాలూకాలో భూముల విలువ, కౌళ్లు బాగా పెరిగాయని సెటిల్‌మెంట్ అధికారులు కాగితాల మీద తేల్చారు. దాన్నిబట్టి ప్రభుత్వం శిస్తును సుమారు 22 శాతం పెంచింది. ఊళ్లలోకి వచ్చి, పొలాలు చూసి, మాతో మాట్లాడి లెక్క కట్టారా అని రైతులు అడిగారు. స్వతంత్ర విచారణ జరిపించండి, అప్పుడు ఎంత తేలితే అంత కడతామన్నారు. ఆరు నెలలు జప్తులు, వేలాలు, అరెస్టులు భరించాక ప్రభుత్వం దిగివచ్చింది. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు ఊరూరా తిరిగి విచారించి, పాత కౌలు లెక్కలు నమ్మదగినవి కావన్నారు. పెంపు సుమారు ఆరు శాతమే ఉండాలని చెప్పారు. నేల మీదకు వెళ్లి, మనుషుల్ని అడిగి కట్టిన లెక్కకూ, కచేరీలో కూర్చుని కట్టిన లెక్కకూ అంత తేడా వచ్చింది.

ఆ విజయానికి ఇంకో వైపు కూడా ఉంది. శిస్తు తగ్గితే లాభం భూమి ఉన్నవాడికి. బార్డోలీ పొలాల్లో నాగలి పట్టింది ఎక్కువగా దుబ్లాలు. తర్వాత వాళ్లకు హల్పతులు అన్న పేరు వచ్చింది. పెళ్లికి చేసిన అప్పు కింద తరతరాలు పటేళ్ల ఇళ్లలో పాలేళ్లుగా కట్టుబడి ఉన్న ఆదివాసులు వాళ్లు. ఆ పద్ధతిని హాలీ అనేవారు. డచ్ సామాజికశాస్త్రవేత్త యాన్ బ్రెమన్ దశాబ్దాలపాటు ఈ జిల్లా కూలీల బతుకును పరిశీలించి రాశారు. ఎకరాకు శిస్తు తగ్గినప్పుడు, ఎకరాలే లేనివాడికి ఏమీ రాలేదు. సత్యాగ్రహాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. న్యాయాన్ని ఎకరాల్లో కొలిస్తే ఎవరు బయట మిగిలిపోతారో చూపించడానికి చెబుతున్నాను.

ఇప్పుడు బార్డోలీ నుంచి మిండోళా వెంట కిందికి, సముద్రం వైపు వద్దాం. పల్సాణా, కడోదరా, సచిన్. దారి పొడవునా రంగులద్దే మిల్లులు, ప్రింటింగ్ మిల్లులు. మన ఆడవాళ్లు కట్టే సింథటిక్ చీరల్లో చాలా భాగం ఈ మిల్లుల్లోనే రంగు పూసుకుంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. గుజరాత్‌కు చెందిన ఇరవైలో మిండోళా ఒకటి. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ దొంగచాటుగా రసాయన వ్యర్థాన్ని కాలువలోకి వదులుతుండగా విషవాయువు లేచి, పక్కనున్న మిల్లు కార్మికులు ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మనుషులు చనిపోయారు కాబట్టి ఆ ట్యాంకర్ సంగతి దేశానికి తెలిసింది. ఎవరి ప్రాణమూ తీయకుండా, ఏ పత్రికలోనూ పడకుండా, రాత్రిపూట కాలువల్లో ఖాళీ అయ్యే ట్యాంకర్ల విషం ఎక్కడికీ పోదు. మట్టిలో దిగుతుంది. సీసం, క్రోమియం వంటి లోహాలు కుళ్లవు, ఆవిరికావు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, యజమాని ఊరు మారాక, రికార్డుల్లో సర్వే నంబరు మారాక కూడా అవి అక్కడే ఉంటాయి.

సూరత్‌లో మన తెలుగువాళ్లు వేలాది కుటుంబాలున్నారు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి సాంచాల, అంటే మరమగ్గాల పని కోసం వెళ్లిన పద్మశాలీలు ఎక్కువ. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, బతుకమ్మ ఆడతారు. తరాలుగా ఉంటున్నవాళ్లలో కూడా ఎంతోమందికి కిరాయి గదే ఇల్లు. రేపు ఆ చుట్టుపక్కల ఒక కలుషిత స్థలాన్ని ప్రభుత్వం గుర్తించి శుద్ధికి దిగితే, నోటీసు ఎవరి పేరున వస్తుంది? స్థలం యజమాని పేరున. పరిహారమంటూ ఉంటే అదీ అతనికే. ఆ బోరు నీళ్లు తాగినవాడు, ఆ మట్టిలో పిల్లల్ని ఆడనిచ్చినవాడు కిరాయిదారు. శుద్ధి పూర్తయ్యాక అద్దె పెరిగితే మూటాముల్లె సర్దుకోవలసింది కూడా అతనే.

ఇదంతా ఊహించి చెబుతున్నది అనుకోకండి. పటాన్‌చెరులో మన కళ్లముందే జరిగింది.

1970లు, 80లలో మెదక్ జిల్లా పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు వరసగా వచ్చాయి. వాటి వ్యర్థ జలం నక్కవాగులో కలిసి మంజీర వైపు పారింది. కాజీపల్లి, గడ్డపోతారం, కిష్టారెడ్డిపేట వంటి ఊళ్ల చెరువులు, బావులు చెడిపోయాయి. డాక్టర్ అల్లాణి కిషన్ రావు అక్కడ వైద్యం చేస్తూ, తన దగ్గరకు వచ్చే రోగుల రోగాలకు మూలం వాగులో ఉందని గ్రహించి, రైతులను కూడగట్టి దశాబ్దాలపాటు పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి నుంచి 2001లో హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారింది. తీర్పు వచ్చేసరికి 2017. కేసు వేసిననాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఏడేళ్లు.

ఈ మధ్యలో కోర్టు ఆదేశంతో జిల్లా జడ్జి విచారించి పరిహారం తేల్చారు. పంట పోయిన భూమికి తరి ఇంత, మెట్ట ఇంత అని ఎకరాల లెక్కన. రైతుకు అది న్యాయంగా రావలసిందే, నిజానికి ఇంకా ఎక్కువ రావలసింది. కానీ ఆ చెరువులో చేపలు పట్టిన బెస్తవాడికి ఎకరాలు లేవు. వాగులో బట్టలుతికిన చాకలి చేతులు పుండ్లు పడ్డా, ఆ చేతులకు సర్వే నంబరు లేదు. గొర్రెలకు నీళ్లు తాపుకునే కురుమకు, పొలానికి కూలికెళ్లే మాదిగ ఆడమనిషికి పట్టా పాస్‌బుక్ లేదు. వాగు మీద వాళ్ల బతుకు ఆధారపడినంతగా పట్టాదారు బతుకు కూడా ఆధారపడలేదని నేను అనుకుంటాను. అయినా వాళ్ల నష్టాన్ని కొలిచే గజం మన రెవెన్యూ రికార్డుల్లో లేదు.

పటాన్‌చెరులో ఇంకొకటి కూడా జరిగింది. స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి 2007లో ఫలితాలు వెల్లడించారు. శుద్ధి చేశాక వదిలిన నీళ్లవి. లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. రోజుకు సుమారు 45 కిలోలు వాగు పాలవుతోందని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందుకు సమానమని వాళ్లు లెక్క కట్టారు. లోకమంతా ఉలిక్కిపడింది. తర్వాత ఆ కేంద్రం నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైన్ ద్వారా హైదరాబాద్ మురుగు వ్యవస్థలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. నక్కవాగు కొంత తెరిపిన పడింది. భారం మూసీ మీదికి, మూసీ నీటితో గడ్డి పెంచుకునే, కూరగాయలు పండించుకునే వాళ్ల మీదికి జరిగింది. మూసీ దిగువ ఊళ్లవాళ్లను అడిగి చేసిన పని కాదది.

విషాన్ని ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పెట్టడాన్ని శుద్ధి అనడం మన దేశంలో అలవాటైపోయింది. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో నలభై ఏళ్లు పడి ఉన్న 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించారు. ఆ ఊరి జనం వీధుల్లోకి వచ్చారు. మా ఊళ్లో ఎందుకు కాలుస్తారని వాళ్లు అడిగిన ప్రశ్నలో న్యాయముంది. కాల్చడమే అయింది, ఆ ఏడాది జూన్ నెలాఖరుకు. భోపాల్ ఫ్యాక్టరీ చుట్టుపక్కల మట్టిలో, భూగర్భ జలంలో దిగిన విషం మాత్రం ఆ 337 టన్నుల్లో లేదు.

కారకుడే ఖర్చు పెట్టుకోవాలన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు ఎప్పుడో ఖరారు చేసింది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ అనే ఊరు. వస్త్రాల రంగుల తయారీకి వాడే హెచ్ యాసిడ్ చేసిన కంపెనీల వల్ల ఆ ఊరి బావుల్లో నీళ్లు ఎర్రబడ్డాయి. 1996 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. నేలనూ నీటినీ బాగుచేసే ఖర్చు కంపెనీలదేనని కోర్టు చెప్పింది. ఆ ఖర్చును 37 కోట్లకు పైగా తేల్చారు. కంపెనీ పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోయింది. 2011లో సుప్రీంకోర్టు మళ్లీ జోక్యం చేసుకుని ఆ మొత్తాన్ని 12 శాతం చక్రవడ్డీతో కట్టమని ఆదేశించింది. తీర్పుకూ, ఆ ఆదేశానికీ మధ్య పదిహేనేళ్లు. డబ్బున్నవాడికి ఆలస్యం ఆదాయం. ఎర్రనీళ్ల బావి పక్కన ఉన్నవాడికి ఆ పదిహేనేళ్లు బిడ్డల బాల్యమంతా.

అమెరికాలో లవ్ కెనాల్ కథ చాలామంది వినే ఉంటారు. నయాగరా ఫాల్స్ నగరంలో హుకర్ అనే రసాయన కంపెనీ ఒక పాత కాలువలో 1940ల నుంచి 1953 దాకా ఇరవై వేల టన్నులకు పైగా వ్యర్థాలను పూడ్చి, ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు బడి బోర్డుకు అప్పగించింది. పైన బడి, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో విషం బయటపడింది. లోయిస్ గిబ్స్ అనే గృహిణి నడిపిన పోరాటంతో ప్రభుత్వం ఇళ్లు కొని జనాన్ని తరలించింది. 1980లో కలుషిత స్థలాల శుద్ధి కోసం సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. ఇంతవరకే మనకు చెబుతారు. ఆ పక్కనే గ్రిఫన్ మేనర్ అనే ప్రభుత్వ అద్దె ఇళ్ల సముదాయం ఉండేది. అందులో ఎక్కువ మంది నల్లజాతి కుటుంబాలు. సొంత ఇల్లు ఉన్నవాళ్లకు ఇంటి ధర వచ్చింది, వాళ్ల కథ టీవీలో వచ్చింది. అద్దెవాళ్లు తమ గోడు వినిపించుకోవడానికి వేరే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. భాష వేరు, దేశం వేరు. హల్పతికి, పటాన్‌చెరు బెస్తకు, లింబాయత్ కిరాయిదారుకు జరిగినదే అక్కడా జరిగింది.

హైదరాబాద్ కాటేదాన్ సంగతి కూడా చెప్పాలి. అక్కడి పారిశ్రామికవాడ మట్టి మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్ వంటివి మట్టిలో ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఆ పక్కనే ఉన్న నూర్ మహమ్మద్ కుంటను, కడప పట్టణం చెత్త డంపును 2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన కలుషిత స్థలాల శుద్ధి పథకానికి ఎంచుకున్నారు. ఇలాంటి చోట నేలను ఎంతవరకు శుభ్రం చేయాలి అన్న ప్రశ్న వస్తుంది. పైకి అది శాస్త్రవేత్తలు తేల్చే సంగతిలా కనిపిస్తుంది, లోపల మాత్రం అది న్యాయం సంగతి. కెనడా ప్రమాణాలు చూడండి. కిలో మట్టిలో సీసం పొలానికైతే 70 మిల్లీగ్రాములు, నివాస స్థలానికైతే 140, పారిశ్రామిక స్థలానికైతే 600 దాకా ఒప్పుకుంటారు. పనివేళల్లో మాత్రమే మనుషులుండే చోటుకు 600 అనుకోవచ్చేమో. కానీ మన కాటేదాన్‌లో, సూరత్ పాండేసరాలో, సచిన్‌లో పని చేసేచోటే గది, గది ముందే వంట, వంట పక్కనే పాకే పిల్ల. మాస్టర్ ప్లాన్‌లో అది పారిశ్రామికవాడ. పిల్లకు మాత్రం అది ఇల్లు. ప్లాన్ మీది రంగు చూసి 600 చాలునని సంతకం పెట్టే అధికారి ఆ పిల్ల నోట్లోకి పోయే మట్టిని లెక్కలోంచి తీసేస్తున్నాడు.

2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. మన దేశంలో ఇలాంటి నియమాలు రావడం ఇదే మొదటిసారి, ఆ మేరకు సంతోషించాలి. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తొంభై రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. కారకుడెవరో తేల్చి ఖర్చు అతని చేత పెట్టించాలి, ఎవరూ దొరకకపోతే ప్రభుత్వాలు పెట్టుకోవాలి. అప్పటికి దేశంలో గుర్తించిన స్థలాలు 103. శుద్ధి మొదలైనవి ఏడు. గుర్తించాక ఎన్నాళ్లలో పూర్తిగా శుద్ధి చేయాలో గడువు పెట్టలేదు, అది పెద్ద లోటు. పురపాలక చెత్త డంపులను ఈ నియమాల నుంచి మినహాయించారు. హైదరాబాద్ జవహర్‌నగర్ డంపు కింద మల్కారం చెరువులోకి ఊరిన నల్లటి నీళ్లను చూసినవాళ్లకు ఆ మినహాయింపు మింగుడు పడదు.

సూరత్ గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. 1994 సెప్టెంబర్‌లో అక్కడ ప్లేగు వచ్చి లక్షల మంది ఊరు విడిచారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు, అంటే సూర్యదేవర రామచంద్రరావు, రెండేళ్లలో ఆ నగరం రూపు మార్చారు. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చేది కూల్చివేతల వరస. అక్రమ కట్టడాల మీద చేయి వేసినప్పుడు పెద్దల భవనాలతో మొదలుపెట్టారు. దాంతో బీదల పేటల్లోనూ ఆయన మాటకు నమ్మకం వచ్చింది. శుద్ధిలో వరస ముఖ్యం. ఎవరితో మొదలుపెట్టారో జనం చూస్తారు.

అదే నగరపు ఖజోద్ వైపు చూస్తే ఒకనాడు ఊరి చెత్తంతా అక్కడికి వెళ్లేది. ఇప్పుడు ఖజోద్ అంటే 2023 డిసెంబర్‌లో ప్రధాని ప్రారంభించిన డైమండ్ బోర్స్ గుర్తొస్తుంది. నేల విలువ పెరగడం తప్పు కాదు. ప్రజల డబ్బుతో, లేదా ప్రజల కోసం కోర్టు రాబట్టిన డబ్బుతో శుద్ధి చేసిన నేల విలువ పెరిగితే, ఆ పెరుగుదలలో ఒక వాటా విషకాలమంతా అక్కడే ఉన్నవాళ్లకు చెందాలన్నది నా వాదన. కిరాయిదారుకు తిరిగి అక్కడే అందుబాటు అద్దెలో ఇల్లు ఇవ్వాలి. చేపల చెరువు బాగుపడితే దాని మీద హక్కు పాత మత్స్యకార సంఘానికే ఉండాలి. మట్టి తవ్వి ఎత్తే పని స్థానిక కూలీలకే ఇవ్వాలి, ఒట్టి చేతులతో ఒట్టి కాళ్లతో మాత్రం కాదు. ముసుగు, తొడుగు, రక్తపరీక్ష, పని ముగిశాక కూడా కొన్నేళ్ల వైద్యం అన్నీ కాంట్రాక్టులోనే రాయాలి. ప్రమాదకరమైన మట్టిని ఎత్తిన చేతులకు రేపు ఏమవుతుందో కాంట్రాక్టరు పట్టించుకోడు, పట్టించుకునేలా రాయాలి.

వీటన్నిటికీ ముందు కావలసింది ఒక పట్టిక. కొత్త నియమాల ప్రకారం రాష్ట్ర మండలి పరిశీలనకు వచ్చే ఆ తొంభై రోజుల్లోనే మట్టి నమూనాలతోపాటు మనుషుల పేర్లూ రాసుకోవాలి. గడప గడపకూ వెళ్లి రాసుకోవాలి. అద్దె కాగితం ఉందా అని అడక్కుండా, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏ నీళ్లు తాగారు, ఏ పని చేశారు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు అని అడగాలి. పక్కింటివాళ్ల సాక్ష్యం చాలు. బార్డోలీలో విచారణ అధికారులు ఊరూరా తిరిగి లెక్క సరిదిద్దారు కదా, ఈసారి పొలం గట్టు దగ్గర ఆగకుండా పాలేరు గుడిసె దాకా, సాంచాల షెడ్డు వెనక గది దాకా వెళ్లాలి. స్థలం గురించి అభ్యంతరాలు కోరే ప్రకటన పోర్టల్‌లో పెట్టి ఊరుకుంటే లాభం లేదు. సూరత్‌లో అయితే గుజరాతీ, ఇంగ్లీషు పత్రికల్లో వేసినా చాలదు. సాంచాల మీద ఉన్నది ఒడియా మనిషి, మరాఠీ మనిషి, మన తెలుగు మనిషి. వాళ్ల భాషల్లో ఆ ప్రకటన అచ్చువేసి మిల్లు గేటు దగ్గర, నీళ్ల కుళాయి దగ్గర, కిరాణా కొట్టు గోడ మీద అంటించాలి. షిఫ్టు మారే వేళకు మైకులో చదివించాలి. విన్నవాళ్లు చెప్పింది రాసుకుని, రాసుకున్నది వాళ్లకు తిరిగి చదివి వినిపించి, అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.